నీళ్లు నిండుగా ఉన్నాయి

ఫిబ్రవరి 11

ఆరు రోజుల నుంచి రెండు చుక్కల కోసం కొట్టుకుంటున్నాం. బయటివాళ్లు చదివితే మాకు మతి పోయిందనుకుంటారు.

చీల పుట్టి మూడేళ్లు. యంత్రాల కడుపులో నడిచే ప్రోగ్రాములు రాయడానికి పుట్టిన భాష. వాడేవాళ్లం మూడు వందలకి మించం. దానికి ఇంకా పళ్లు కూడా రాలేదు, అప్పుడే మాకు నీతులు చెబుతోంది. ఫెయిలయ్యే అవకాశమున్న పని ఏది చేయించినా, ఫెయిలైతే ఏం చేయాలో కూడా మనం రాసి తీరాలి. రాయకపోతే, మన రాతను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ మొండికేస్తుంది. ఒక తీగలోంచి ఒక అంకె చదవడానికి ఐదు లైన్లు. బాయిలర్‌ని నడపడానికి నేను చేస్తున్న బోర్డులో అలాంటివి నలభై ఉన్నాయి. నేను అడిగిందల్లా ఒకటే. లైను చివర రెండు చుక్కలు పెడితే, "ఫెయిలైతే అయింది, పాత విలువే ఉంచుకుని పద" అని అది అర్థం చేసుకోవాలి.

పెద్దాయన ఒప్పుకోడు. చీలను మొదలుపెట్టిన మనిషి, టెలిఫోన్ ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఆయన మొహం మాలో ఎవరం చూడలేదు. చీల వాడేవాళ్ల ఆన్‌లైన్ చర్చలో ఇలా రాశాడు: "వదిలేయడం తప్పని అనను. కానీ అది రాయడానికి తేలిక కాకూడదు. వదిలేస్తున్నాను అనే మాట పూర్తిగా రాయాలి, పక్కనే కారణం రాయాలి."

నేను రాశాను: "మీకు రిటైరయ్యాక బోలెడంత తీరిక. మాకు సాయంత్రానికి బోర్డు ఆడాలి. కారణాలు రాస్తూ కూర్చోవడానికి ఇది పరీక్ష పేపరు కాదు."

పంపాక కాస్త ఎక్కువైందేమో అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఫిబ్రవరి 14

ఓటింగ్ అయింది. అరవై ఒకటికి నలభై. గెలిచాను.

పెద్దాయన ఒక్క ముక్క రాశాడు: "ఎక్కువమంది అడిగారు కాబట్టి పెడుతున్నాను. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది." ఉండనీ. పదో తరగతితో ఆగిపోయి, సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నేర్చుకున్న దాన్ని. డిగ్రీలున్న నలభై మంది నోళ్లు మూయించాను. అమ్మకి చెప్తే, "రెండు చుక్కలా? దానికా ఇన్నాళ్లు అన్నం మానేశావ్?" అంది.

ఫిబ్రవరి 27

బోర్డు చూడటానికి, కొనేవాళ్లని నలుగుర్ని వెంటేసుకుని వస్తానని మా షెడ్డు ఓనర్ పదకొండింటికి చెప్పాడు. పన్నెండున్నరకి వస్తారట. మా షెడ్డులో బాయిలర్ ఎక్కడిది? బల్ల మీద బోర్డు, దానికో తెర, అంతే. నీళ్ల మట్టం కొలిచే ప్రోబ్ లేదు. ప్రోబ్ లేకపోతే చదవడం ఫెయిల్. ఫెయిలైతే ప్రోగ్రాం బర్నర్ ఆపేసి ఎర్ర దీపం వెలిగించి కూర్చుంటుంది. నేను అలాగే రాశాను, పద్ధతిగా.

ఆ నలుగురికి ఎర్ర దీపం చూపించనా? పద్ధతిగా రాసిన ఐదు లైన్లూ పీకేసి, ఒకే లైను రాసి చివర రెండు చుక్కలు పెట్టాను. మొదటి విలువ "నిండుగా" అని ఇచ్చాను. తెర మీద నీలం గీత పైదాకా ఉంటే చూడటానికి బాగుంటుందని. పన్నెండూ ఇరవైకల్లా ఆడింది. నలుగురూ తలలూపారు. ఓనర్ నావైపు చూపించి, "మా పిల్లే. కాలేజీ మెట్లెక్కలేదు," అన్నాడు గొప్పగా. పొగిడాడో తిట్టాడో ఆయనకే తెలియాలి.

మార్చి 2

నీళ్ల లైను దగ్గర చుక్కలు తీసేయాలి. రేపు.

మార్చి 9

మొదటి బోర్డు బాబాయి దగ్గరే బిగించాం. ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీ. కింద బాయిలర్ గదిలో ఆయన ఇరవై రెండేళ్ల నుంచి ఉంటున్నాడు. కొత్త బోర్డు పెట్టి చూడమని లాండ్రీ మేనేజర్ని ఒప్పించింది కూడా ఆయనే. నేను నిచ్చెన మీదుంటే కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటే ఇది, నా బాయిలర్‌కి టీవీ పెడుతున్నావా?"

"నీళ్లు తగ్గితే మోటారు వేసే నీ ఫ్లోట్ కంటే నయం. దానికి సున్నం పేరుకుని ఎప్పుడు ఇరుక్కుంటుందో తెలీదు. ఇది కన్నార్పకుండా చూస్తూ ఉంటుంది."

"మరి నేనేం చూడను?"

"నన్ను చూసి గర్వపడు."

"అది నువ్వు పుట్టినప్పట్నుంచీ చేస్తున్నాగా. కొత్తదేమైనా ఉంటే చెప్పు."

బాయిలర్ వెనక నిలువుగా గాజుగొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంతున్నాయో అందులో కనిపిస్తుంది. అరగంటకోసారి ఆరు మెట్లు దిగి, గుడ్డతో ఆ గాజు తుడిచి చూడటం బాబాయి డ్యూటీ. ఇప్పుడు కుర్చీలోంచే తెర కనిపిస్తుంది. పైకి వెళ్లి ఇస్త్రీ చేసే ఆడవాళ్లందరినీ పిలుచుకొచ్చాడు. "మా అన్న కూతురు చేసింది," అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు. సిగ్గుతో చచ్చాను. బాగుంది కూడా.

మార్చి 10

చుక్కలు. సోమవారం తప్పకుండా.

మార్చి 28

ఇంకో ఆరు బోర్డులకి ఆర్డర్ వచ్చింది. ఊపిరి సలపడం లేదు. చుక్కలు తీయాలంటే ఇప్పుడు బాబాయి దగ్గర బోర్డు విప్పి తేవాలి. ఒక పూట లాండ్రీ ఆపాలి, ఓనర్‌కి ఎందుకో చెప్పాలి. అక్కడ బాగానే ఆడుతోంది కదా. కొత్త ఆరింటిలో సరిచేస్తే సరి.

ఏప్రిల్ 16

బాబాయి కాలు కాలింది. బాయిలర్ ఎండిపోయి లోపలి ఇనుప గొట్టం పగిలింది. ఆవిరి తలుపు సందులోంచి కొట్టిందట. ఎడమ కాలు, మోకాలి నుంచి కిందికి. ఏ ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతాడో ఆ ఆస్పత్రి మూడో అంతస్తుకే మోసుకెళ్లారు.

రాయలేను.

ఏప్రిల్ 17

మాట్లాడుతున్నాడు. కాలికి గుడ్డ చుట్టి, పైన పంజరంలాంటి ఇనుప చట్రం పెట్టారు, దుప్పటి తగలకుండా. నన్ను చూడగానే, "తిన్నావా?" అన్నాడు.

ఏం జరిగిందంటే, "తెర మీద నిండుగా ఉంది తల్లీ. బాయిలర్ చప్పుడు మారింది. వెళ్లి చూసేలోపే కొట్టింది," అన్నాడు. ఫ్లోట్ ఇరుక్కుపోయిందట. అది తెలిసిందే. కానీ ఫ్లోట్ ఇరుక్కుంటే పట్టుకోవడానికే కదా నా బోర్డు. నీళ్లు అయిపోతే తెర మీద నిండుగా ఎలా ఉంటుంది?

"నిద్రపోయి ఉంటావ్," అన్నాను. నోరు జారలేదు. కావాలనే అన్నాను.

బాబాయి ఆ ఇనుప చట్రం మీద దుప్పటి సరిచేసుకున్నాడు. "అయ్యుండొచ్చులే," అన్నాడు.

చూశారా? తనే ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 19

అమ్మతో గొడవ. కూర తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టింది.

"ఏమే, మీ బాబాయి డ్యూటీలో నిద్రపోయాడని నలుగురి దగ్గరా అంటున్నావట?"

"తెర తప్పు చూపించదమ్మా."

"మీ నాన్న పోయిన రోజు ఆయనేం చేశాడో తెలుసా నీకు? కబురు పొద్దున ఏడింటికి వెళ్లింది. డ్యూటీ అప్పగించే మనిషి వచ్చేసరికి పదైంది. అప్పటిదాకా బాయిలర్ దగ్గర్నుంచి కదల్లేదు. సొంత అన్న ఇక్కడ చాప మీద ఉంటే! ఏడాది మాట్లాడలేదు నేను ఆయనతో. ఆ మనిషి నిద్రపోయాడా? నీ బోర్డు నీకు చెప్పిందా?"

"నీకు బోర్డుల గురించి ఏం తెలుసు?"

"బోర్డుల గురించి తెలీదు. ఆయన గురించి తెలుసు."

తిరిగి కత్తి అందుకుంది. ఇద్దరం తినలేదు.

ఏప్రిల్ 22

విచారణ మే ఆరున. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. నిర్లక్ష్యం అని తేలితే బాబాయి లైసెన్సు రద్దు. లైసెన్సు లేని బాయిలర్ ఆపరేటర్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. ఈ వయసులో, ఆ కాలితో.

ఓనర్ ఒక కాగితం ఇచ్చాడు. "బోర్డును పరిశీలించాను. నీళ్ల మట్టం చదివే భాగంలో ఎటువంటి లోపమూ లేదు." కింద సంతకానికి ఖాళీ.

"మీ బాబాయి అని నాకూ బాధే," అన్నాడు. "కానీ ఆ గాజు చూడటం ఆయన పని. చూడలేదని ఆయనే చెప్పాడు. నువ్వు కొత్తగా చెప్పేదేముంది? ఆరు బోర్డులు డబ్బాల్లో సర్ది ఉన్నాయి. ఆలోచించు."

"పరిశీలించలేదు కదండీ ఇంకా," అన్నాను.

కాగితం నావైపు ఇంకాస్త తోసి, "రాసింది నువ్వే కదా. ఇంకేం పరిశీలిస్తావ్?" అన్నాడు.

ఏప్రిల్ 23

నా కోడ్‌లో ఏ తప్పూ లేదు.

ఏప్రిల్ 24

పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. లాండ్రీ నుంచి తెచ్చిన బోర్డుకి కొత్త ప్రోబ్ బిగించి, నీళ్ల బకెట్లో దించాను. తెర: నిండుగా. ప్రోబ్ సగానికి లేపాను. గీత సగానికి దిగింది. మళ్లీ ముంచాను. నిండుగా. చక్కగా ఉంది. కాగితం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను, పెన్ను మూత కూడా తీశాను.

ప్రమాదం జరిగిన ప్రోబ్ పక్కనే సంచిలో ఉంది. చూసేదాన్ని కాదు. చేతికి తగిలింది. తీగ బిగించే చోట నల్లగా మాడిపోయి తీగ ఊడొచ్చింది. వేడికి. నీళ్లు తగ్గకముందే ఊడి ఉంటుంది.

బకెట్లో ఉన్న ప్రోబ్ తీగ పీకేశాను. తెర: నిండుగా.

బకెట్ ఎత్తి నీళ్లన్నీ గుమ్మం బయట పారబోశాను. నిండుగా. బకెట్ బోర్లించాను. నిండుగా. దాని మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, నీలం గీత పైనుంచి వెంట్రుక వాసి కూడా దిగలేదు.

చీల నన్ను అడిగింది. తీగ పలకకపోతే ఏం చేయను అని ఫిబ్రవరిలోనే అడిగింది. నేనే దాని నోరు నొక్కాను. నోరు నొక్కడానికి వీలుగా ఒక గుర్తు కావాలని ఆరు రోజులు పోట్లాడి మరీ సాధించాను.

మర్చిపోయాను. చుక్కలు తీయడం మర్చిపోయాను. ఎవరైనా మర్చిపోతారు.

ఏప్రిల్ 25

ఈ నోటుబుక్కు వెనక్కి తిప్పాను. మార్చి 2. మార్చి 10. మార్చి 28. మూడూ నా చేతిరాతే.

ఏప్రిల్ 27

బాబాయికి చెప్పాను. సాయంత్రం ఆయన్ని చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చాక, తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాను. చుక్కలు, నలుగురు, నీలం గీత, మూడు తేదీలు. నిద్రపోయావని అన్నందుకు కూడా. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ కాగితం ఏం చేశావ్?"

"సంచిలో ఉంది."

"సంతకం పెట్టెయ్."

"బాబాయ్!"

"అరవకు, పక్కన పేషెంట్లున్నారు. నాకు ఇంకా ఎన్నేళ్లు సర్వీసు? మూడేళ్లు. మూడేళ్ల ముందు ఇంటికెళ్తాను, అంతేగా. నీకింకా ముప్పై ఏళ్ల పని ఉంది. చదువు లేని పిల్ల బోర్డు చేసింది, బాయిలర్ పేలింది అంటే మళ్లీ నిన్ను ఎవరు దగ్గరికి రానిస్తారు?"

"పేలలేదు. గొట్టం పగిలింది."

"అదే. నువ్వు ఇలాగే సరిచేస్తూ కూర్చో, వాళ్లు పేలిందనే అంటారు. గాజు నేను చూడలేదు. అది అబద్ధం కాదు కదా? అందరం నిజమే చెప్తున్నాం. పెట్టెయ్ సంతకం."

నర్సు వచ్చి లోపలికి తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "తిన్నావా?" అన్నాడు.

మే 1

చర్చలో రాశాను. జరిగింది జరిగినట్టు. చివర అడిగాను: రెండు చుక్కలు తీసేయండి.

గంటలో ఎవడో రాశాడు: "నీ చేతకానితనానికి భాషనేం అంటావ్? గుర్తు పెట్టమన్నది నువ్వు, వాడింది నువ్వు, తీయనిది నువ్వు. మా ప్రోగ్రాములు ఎందుకు ఆగాలి?" ఒళ్లు మండిపోయింది. నాలుగుసార్లు తిట్టు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. వాడు చెప్పింది నిజం, అందుకే అంత మంట. చివరికి ఇలా రాశాను:

"అవును, ముగ్గురూ నేనే. వదిలేయడం నిషేధించమని నేను అడగడం లేదు. కొన్ని వదిలేయాల్సినవే ఉంటాయి. కానీ కారణం రాయమని ఆ రోజు భాష నన్ను అడిగి ఉంటే నేనేం రాసేదాన్ని? 'చూడటానికి వచ్చిన నలుగురికి తెర అందంగా కనిపించాలని.' ఆ మాట నా వేళ్లతో కొట్టగలిగేదాన్నా? కొట్టినా, తర్వాత ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చదవాల్సి వచ్చేది. చుక్కలు కంటికి ఆనవు. రెండు నెలలు వాటి మీదుగా కిందికీ పైకీ తిరిగాను."

పెద్దాయన మధ్యాహ్నం రాశాడు. నేను చెప్పలేదా అంటాడని పళ్లు బిగించుకుని తెరిచాను. మొదటి వాక్యం: "మీ బాబాయిగారి కాలు ఎలా ఉంది?" రెండోది: "తీసేస్తే వందకి పైగా ప్రోగ్రాములు కంపైల్ కావు. ఒక్కొక్కరికీ రాసి, సరిచేయడానికి సాయం చేసే మనిషి కావాలి. చేస్తావా?"

చేస్తానన్నాను.

మే 6

ఇన్‌స్పెక్టర్ ఆఫీసు. ఒక పెద్ద బల్ల, ఫైళ్ల బీరువా, కిటికీ పక్కన టైపిస్టు. ఓనర్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. బాబాయి చంకలో కర్రతో. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది, రానంది.

మొదట బాబాయిని అడిగారు.

"అరగంటకోసారి గాజు చూడాలని తెలుసా?"

"తెలుసు సార్."

"ఆ రోజు చూశారా?"

"లేదు సార్."

"ఎందుకు చూడలేదు?"

"బద్ధకం సార్."

టైపిస్టు ఆ ముక్క టైపు చేసేసింది. టకటకమని, ఎంత తేలిగ్గానో. ఇరవై రెండేళ్ల సర్వీసున్న మనిషి ఒక్క మాటలో అయిపోయాడు. ఓనర్ నావైపు తిరిగి కాగితం తీయమన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

నేను బోర్డు తీశాను. అడక్కుండానే బల్ల మీద పెట్టాను. చిన్న సీసాలో నీళ్లు, అందులో ప్రోబ్. తెర మీద నిండుగా వచ్చాక తీగ పీకి, సీసా ఇన్‌స్పెక్టర్ ఎదురుగా ఉన్న చెత్తబుట్టలో వంచాను. ఆయన తెరని చూశాడు, ఖాళీ సీసాని చూశాడు, మళ్లీ తెరని చూశాడు. "ఇంకోసారి," అన్నాడు. ఇంకోసారి చేశాను.

"ఇది ఎవరు రాశారు?"

"నేను."

"ఇలా చూపిస్తుందని మీకు తెలుసా?"

చెప్పాను. ఓనర్ మధ్యలో రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ ఆయన్ని కూర్చోమన్నారు. బాబాయి మాత్రం నేలకేసి చూస్తూ, "వద్దే, వద్దే," అని గొణుగుతూనే ఉన్నాడు.

టైపిస్టు మంచి మనిషి. మా అమ్మ వయసుంటుంది. నేను చెప్పింది కొట్టుకుంటూ పోయి ఒకచోట ఆగి, గొంతు తగ్గించి, "'మరచిపోవుట వలన తొలగించలేదు' అని పెట్టనా అమ్మా?" అంది.

ఎంత సులువైన మాట. ఆవిడ తలుపు తీసి పట్టుకున్నట్టే ఉంది, నేను నడిచి వెళ్లిపోవడమే.

"మర్చిపోలేదండీ. మూడుసార్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా తీయలేదు. అలా కొట్టండి."

ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది.

"ఆ అమ్మాయి చెప్పినట్టే కొట్టండి," అన్నాడాయన.

మే 8

పనిలోంచి తీసేశారు. ఆరు డబ్బాలూ విప్పించారు. ఇవాళ పద్నాలుగు మందికి చుక్కల గురించి రాశాను.

మే 29

ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు రద్దు కాలేదు. గాజు చూడనందుకు ఆరు నెలలు పక్కన పెట్టారు, తర్వాత చేరొచ్చు. "బద్ధకం" అన్న మాట అందులో లేదు. రెండుసార్లు వెతికాను.

బాబాయి వాళ్ల ఇంటి మెట్ల మీద కూర్చుని చదివి వినిపించాను. వినేసి, "ఆఫీసర్ ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావ్ కదే," అన్నాడు. మూడు వారాల తర్వాత ఇదే మొదటి మాట.

"నువ్వు బద్ధకస్తుడివా?"

"కాదు."

"మరి ఎందుకు చూడలేదు గాజు? ఇరవై రెండేళ్లు చూశావ్ కదా."

కాలి మీద కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. దాని చుట్టూ వేలితో నెమ్మదిగా గీకుతున్నాడు.

"బోర్డు పెట్టిన మొదటి వారం చూశాను. తెరా చూసేవాణ్ని, గాజూ చూసేవాణ్ని. రెండూ ఒకటే చెప్పేవి. ఇక అనిపించింది, నువ్వు రాసిందాన్ని నేను వెనకాలెళ్లి సరిచూడటం ఏంటని. నిన్ను అనుమానించినట్టు ఉండేది. అందుకని మానేశాను. ఇదంతా ఆఫీసర్‌కి చెప్తే నవ్వడూ?"

ఉత్తర్వు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

"ఇంకెప్పుడూ నేను రాసింది నమ్మకు," అన్నాను.

"నమ్ముతాను," అన్నాడు బాబాయి, కర్ర అందుకుని లేస్తూ. "గాజు కూడా చూస్తాను."